ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే సందేహం ఉంది. 50 హెర్ట్జ్ అని నేమ్‌ప్లేట్ మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడపవచ్చా? అందుకని వాటిని ఒకచోట చేర్చాం. ముందుగా ఒక సూత్రం చూడండి, కింది జవాబులన్నిటికీ ఇదే ఆధారం:

వోల్టేజి = 4.44 × ఫ్రీక్వెన్సీ × చుట్లు × కోరు అడ్డుకోత వైశాల్యం × ఫ్లక్స్ సాంద్రత

చుట్లూ కోరూ (చుట్ల మధ్య ఉండే ఇనుప రేకుల దిమ్మ) తయారైనప్పుడే ఖాయమైపోయాయి. ఇక ఫ్లక్స్‌ను, అంటే కోరులోని అయస్కాంత ప్రవాహాన్ని, నిర్ణయించేది వోల్టేజిని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చే అంకె. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అయితే అది 4.6. అదే 230 వోల్టులను 60 హెర్ట్జ్ మీద ఇస్తే 3.83. ఈ అంకె తగ్గితే కోరు చల్లగా ఉంటుంది, పెరిగితే సాచురేట్ అవుతుంది, అంటే కోరు ఫ్లక్స్‌తో నిండిపోయి విపరీతంగా కరెంట్ లాగుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగినంత మాత్రాన కోరు కాలిపోదు. నష్టం వచ్చేది వేరే చోట్ల. ఆ చోట్లు ఏవో ఒక్కో ఉత్తరంలో చూద్దాం.

ప్రశ్న: మేం తయారు చేసిన ప్యాకింగ్ మెషీన్ సౌదీలోని దమ్మామ్‌కు వెళ్తోంది. అక్కడ 380 వోల్టులు, 60 హెర్ట్జ్ అని చెప్పారు. ప్యానెల్‌లో 415/110 వోల్టుల 3 కేవీఏ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, 50 హెర్ట్జ్‌ది. మార్చాలా?
(మెషీన్ బిల్డర్, బాలానగర్, హైదరాబాద్)

జవాబు: ట్రాన్స్‌ఫార్మర్‌కు భయం లేదు. 415ను 50తో భాగిస్తే 8.3, 380ని 60తో భాగిస్తే 6.33. అంటే కోరులో ఫ్లక్స్ 76 శాతానికి పడిపోతుంది. నో-లోడ్ కరెంట్ ఇంకా ఎక్కువగా తగ్గుతుంది, హమ్ కూడా తగ్గుతుంది. వైండింగ్ మోయగల ఆంపియర్లు మాత్రం పెరగవు. వోల్టేజి 380 కాబట్టి అదే కరెంట్‌కు 3 కేవీఏ బదులు 2.75 కేవీఏ అని లెక్క వేసుకోండి.

మీరు చూడాల్సింది కాంటాక్టర్లను (మోటార్లను కలిపే, విడదీసే అయస్కాంత స్విచ్‌లను). 415 ట్యాపు మీద 380 ఇస్తే సెకండరీలో 110 బదులు దాదాపు 101 వోల్టులే వస్తాయి. పైగా అది 60 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ కాయిల్‌కు కూడా ఇదే భాగహారం వర్తిస్తుంది. అందులో ఫ్లక్స్ 76 శాతం, లాగే బలం దాని వర్గం కాబట్టి 58 శాతమే. ఏసీ కాంటాక్టర్ రేటెడ్ వోల్టేజిలో 85 శాతం దాకా పికప్ అవుతుందని ప్రమాణాలు హామీ ఇస్తాయి. మీ కాయిల్ ఆ గీతకు కిందే ఉంది. ఆర్మేచర్ (కాంటాక్టర్‌లో కదిలే భాగం) సగం లాగి గడగడమంటుంది. పూర్తిగా మూసుకోనంత సేపు కాయిల్ ఇన్‌రష్ కరెంట్‌నే (మొదట్లో లాగే భారీ కరెంట్‌నే) తీసుకుంటుంది కాబట్టి కొన్ని నిమిషాల్లో మాడిపోతుంది. అక్కడి వాళ్లు అప్పుడు ‘ట్రాన్స్‌ఫార్మర్ చెడింది’ అని మీకు ఫోన్ చేస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు 380 ట్యాపు పెట్టించి 110 వోల్టులు రప్పించినా నిష్పత్తి 83 శాతమే, అంటే గీతకు అంగుళం కింద. కాయిల్స్‌నే 50/60 హెర్ట్జ్ రకానికి మార్చండి. లేదా ‘110 వోల్టులు 50 హెర్ట్జ్, 120 వోల్టులు 60 హెర్ట్జ్’ అని ముద్ర ఉన్న కాయిల్స్ వాడి, సెకండరీని 120 వోల్టులకు చేయించండి. సోలినాయిడ్ వాల్వులకూ ఇదే మాట.

మోటార్ల సంగతి అడగలేదు గానీ అసలు సమస్య అక్కడుంది. 415 వోల్టుల 50 హెర్ట్జ్ మోటారు 380 వోల్టుల 60 హెర్ట్జ్ మీద 1440 బదులు 1730 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. గరిష్ఠ టార్క్ మాత్రం 58 శాతానికి పడిపోతుంది. బ్లోయర్ ఉంటే వేగం 1.2 రెట్లు, పవర్ 1.73 రెట్లు అడుగుతుంది. మోటార్లు 380 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తెప్పించి, పుల్లీలు మార్చి వేగం సరిచేశాకే మెషీన్ పంపండి.

ప్రశ్న: మా దగ్గర 100 కేవీఏ, 11 కేవీ/433 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్లు రీవైండింగ్‌కు వస్తాయి. డీవీడీఎఫ్ (డబుల్ వోల్టేజి డబుల్ ఫ్రీక్వెన్సీ) టెస్ట్ చేసి ఇవ్వమంటున్నారు. రెట్టింపు వోల్టేజి సరే, ఫ్రీక్వెన్సీ కూడా ఎందుకు రెట్టింపు చేయాలి? మా దగ్గర ఆల్టర్నేటర్ లేదు, 100 హెర్ట్జ్ ఎలా తెచ్చుకోవాలి?
(రీవైండింగ్ వర్క్‌షాప్, ఆటోనగర్, విజయవాడ)

జవాబు: రేటెడ్ ఫ్రీక్వెన్సీకి మించి ట్రాన్స్‌ఫార్మర్‌ను కావాలనే నడిపే సందర్భం ఇది. చుట్టుకూ చుట్టుకూ మధ్య, పొరకూ పొరకూ మధ్య ఉన్న ఇన్సులేషన్‌ను పరీక్షించాలంటే వైండింగ్‌లోనే రెట్టింపు వోల్టేజి పుట్టించాలి. ఎల్‌టీకి (తక్కువ వోల్టేజి వైండింగ్‌కు) 433 బదులు 866 వోల్టులు 50 హెర్ట్జ్ మీద ఇస్తే కోరులో ఫ్లక్స్ 1.6 టెస్లా నుంచి 3.2 టెస్లాకు పోవాలి. సిలికాన్ స్టీలు దాదాపు 2 టెస్లాల దగ్గరే నిండిపోతుంది, కాబట్టి విపరీతమైన కరెంట్ లాగి ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఫ్రీక్వెన్సీని కూడా 100 చేస్తే ఫ్లక్స్ మామూలుగానే ఉండి ఇన్సులేషన్ మీద మాత్రం రెట్టింపు ఒత్తిడి పడుతుంది.

పరీక్ష సమయం ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. రేటెడ్‌కు రెండు రెట్ల వరకు అయితే 60 సెకన్లు. అంతకు మించితే 120ని రేటెడ్ ఫ్రీక్వెన్సీతో గుణించి పరీక్ష ఫ్రీక్వెన్సీతో భాగించాలి, అయితే 15 సెకన్లకు తగ్గకూడదు. 120 హెర్ట్జ్ అయితే 50 సెకన్లు, 150 అయితే 40, 200 అయితే 30. పూర్తిగా రీవైండ్ చేసినదానికి పూర్తి వోల్టేజి ఇవ్వండి. సర్వీసులో ఉండి కొంత భాగమే మరమ్మతు అయినదానికి 80 శాతం చాలు.

100 హెర్ట్జ్ సరఫరాకు పాత స్లిప్‌రింగ్ మోటారు ఒకటి, దాన్ని తిప్పే మామూలు స్క్విరల్ కేజ్ మోటారు ఒకటి చాలు. రెండూ 4 పోల్‌వి తీసుకుని కప్లింగ్ చేయండి. స్లిప్‌రింగ్ మోటారు స్టేటర్‌కు 50 హెర్ట్జ్ త్రీఫేజ్ ఇవ్వండి, కానీ ఫేజులు మార్చి, దాని క్షేత్రం షాఫ్ట్ తిరిగే దిశకు ఎదురుగా తిరిగేలా చూడండి. నడిపే మోటారు 1440 ఆర్‌పీఎం అనుకుంటే స్లిప్ (క్షేత్రానికీ రోటరుకూ ఉన్న వేగం తేడాను క్షేత్రం వేగంతో భాగిస్తే వచ్చేది) 1.96, అంటే రింగుల దగ్గర 98 హెర్ట్జ్ వస్తుంది. రోటరు వోల్టేజి కూడా నిశ్చలంగా ఉన్నప్పటికన్నా 1.96 రెట్లు అవుతుంది. 200 వోల్టుల రోటరు 392 వోల్టులు ఇస్తుందన్నమాట, కాబట్టి రోటరు ఇన్సులేషన్‌ను ముందే మెగ్గర్‌తో (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరుతో) చూసుకోండి. 6 పోల్ స్లిప్‌రింగ్ మోటారును 4 పోల్ మోటారుతో ఎదురు తిప్పితే 122 హెర్ట్జ్ వస్తుంది, అప్పుడు పరీక్ష 49 సెకన్లు.

రింగుల నుంచి వచ్చిన వోల్టేజిని 866కు పెంచడానికి మామూలు 50 హెర్ట్జ్ స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుంది. వోల్టేజి అదుపు స్టేటర్ వైపు వేరియాక్‌తో (వోల్టేజిని కావాల్సినంత మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో) చేయండి.

ఎంత పెద్ద సెట్ కావాలన్నది మరో లెక్క. ఫ్లక్స్ మారదు కాబట్టి మ్యాగ్నటైజింగ్ ఆంపియర్లు మారవు. 100 కేవీఏ ఎల్‌టీ ఫుల్‌లోడ్ కరెంట్ 133 ఆంపియర్లు, నో-లోడ్ 2 శాతం అనుకుంటే 2.7 ఆంపియర్లు. 866 వోల్టుల దగ్గర అది 4 కేవీఏ. కోరు నష్టం మాత్రం పెరుగుతుంది. హిస్టరిసిస్ భాగం ఫ్రీక్వెన్సీతో పాటు రెట్టింపు, ఎడ్డీ కరెంట్ భాగం ఫ్రీక్వెన్సీ వర్గంతో నాలుగింతలు. రెండూ 60:40 పాళ్లలో ఉంటే మొత్తం 2.8 రెట్లు. ఒక్క నిమిషమే కాబట్టి కోరుకు ప్రమాదం లేదు. 7.5 కేవీఏ సెట్ ఉంటే ధైర్యంగా చేయవచ్చు.

కొన్ని వర్క్‌షాపుల్లో మూడు సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లను న్యూట్రల్ కలపని స్టార్‌లో ప్రైమరీ, ఓపెన్ డెల్టాలో సెకండరీ కట్టి, కోర్లను సాచురేషన్‌లోకి నెట్టి 150 హెర్ట్జ్ తీస్తారు. పని జరుగుతుంది. కానీ లోడు పడగానే వోల్టేజి పడిపోతుంది, కోర్లు త్వరగా వేడెక్కుతాయి, వచ్చేది సింగిల్ ఫేజే కాబట్టి ఒక్కో ఫేజును విడిగా పరీక్షించాలి. మా ఓటు స్లిప్‌రింగ్ సెట్‌కే.

ఇక పరీక్ష క్రమం. ఆయిల్ నింపి గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ఆగాలి. తొందరపడి చేసిన పరీక్షల్లో మంచి కాయిల్ కూడా బుడగ దగ్గర స్పార్క్ అయి చెడిపోతుంది. ఆయిల్ బీడీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజి) 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో 40 కేవీకి పైన ఉందో లేదో చూడండి. టాంక్, ఎల్‌టీ న్యూట్రల్ ఎర్త్ చేయండి. హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి వైపు) బుషింగులు మూడూ ఖాళీగా వదిలేయాలి, అక్కడ 22 కేవీ ఉంటుంది, మనుషులు దగ్గరకు రాకుండా కంచె కట్టండి. ట్యాపు నార్మల్‌లో ఉండాలి. పరీక్షకు ముందు మామూలు 433 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద నో-లోడ్ కరెంట్, నష్టం రాసుకోండి. తర్వాత పరీక్ష వోల్టేజిలో మూడో వంతుకు లోపు మొదలుపెట్టి, మీటర్లు చదవగలిగినంత వేగంగా పెంచి, సమయం అయ్యాక మళ్లీ మూడో వంతుకు దించి స్విచ్ ఆపండి. పూర్తి వోల్టేజి మీద ఒక్కసారిగా ఆపకూడదు, ఆ దెబ్బకు ఓవర్‌వోల్టేజి పుడుతుంది.

మధ్యలో కరెంట్ ఎగిరినా, వోల్టేజి కూలినా, లోపల టప్పుమన్నా ఫెయిల్ కిందే లెక్క. ఏ శబ్దమూ రాకపోయినా నో-లోడ్ రీడింగ్ మళ్లీ తీసి ముందు రాసుకున్నదానితో పోల్చండి. చుట్టుకు చుట్టు షార్ట్ అయితే ఒక ఫేజు కరెంట్ పెరిగి దొరికిపోతుంది. ఈ రెండో రీడింగ్ తీయని పరీక్షను మేం పరీక్షగా ఒప్పుకోం. హెచ్‌టీని ముట్టుకునే ముందు ఎర్త్ రాడ్‌తో డిశ్చార్జ్ చేయడం మరవకండి.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌కు ఎగుమతి అవకాశం వచ్చింది. అక్కడ 13.2 కేవీ, 60 హెర్ట్జ్. మా 11 కేవీ, 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ దానికీ నిష్పత్తి ఒకటే, 0.22. అంటే అదే డిజైన్ పంపించి 20 శాతం ఎక్కువ కేవీఏ రాయవచ్చా?
(తయారీదారు, జీడిమెట్ల)

జవాబు: కోరు లెక్క మీరు సరిగ్గా వేశారు. ఫ్లక్స్ అంతే, ఆంపియర్లు అంతే, వోల్టేజి 1.2 రెట్లు, కేవీఏ 1.2 రెట్లు. కానీ అలాగే పంపకండి.

మొదటిది ఇన్సులేషన్. 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ 12 కేవీ గరిష్ఠ సిస్టమ్ వోల్టేజి తరగతికి చెందుతుంది. దానికి పవర్ ఫ్రీక్వెన్సీ పరీక్ష 28 కేవీ, ఇంపల్స్ (పిడుగు దెబ్బను పోలిన) పరీక్ష 75 కేవీ. 13.2 కేవీ లైనుకు పై తరగతి, 17.5 కేవీ కావాలి. పరీక్ష 38 కేవీ, ఇంపల్స్ 95 కేవీ. బుషింగులు, హెచ్‌టీ-ఎల్‌టీ గ్యాప్, చివరి చుట్ల ప్రెస్‌బోర్డ్ అన్నీ మారతాయి. మొదటి పిడుగు సీజన్‌లో తేడా తెలుస్తుంది.

రెండోది నష్టాలు. ఫ్లక్స్ మారకుండా ఫ్రీక్వెన్సీ 1.2 రెట్లయితే హిస్టరిసిస్ 1.2 రెట్లు, ఎడ్డీ 1.44 రెట్లు. 60:40 పాళ్లలో మొత్తం 30 శాతం పెరుగుదల. నో-లోడ్ నష్టానికి గ్యారంటీ ఇచ్చి ఉంటే పెనాల్టీ పడుతుంది. వైండింగ్‌లోని ఎడ్డీ నష్టం కూడా 1.44 రెట్లు. రేడియేటర్లు అవే కాబట్టి టాప్ ఆయిల్ ఉష్ణోగ్రత పెరుగుతుంది.

మూడోది ఎల్‌టీ. 433 కూడా 1.2 రెట్లయి 520 వోల్టులు అవుతుంది, అది కొనుగోలుదారు అడిగిన వోల్టేజేనా చూసుకోండి. ఏ విధంగా చూసినా కొత్త డిజైన్ గీయాల్సిందే.

వోల్టేజి పెంచకుండా, 11 కేవీ, 60 హెర్ట్జ్ లైను మీద ఇదే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మాత్రం హాయిగా నడుస్తుంది. అప్పుడు ముఖ్యంగా చూసుకోవాల్సింది లీకేజ్ రియాక్టెన్స్ (రెండు వైండింగులనూ కలపని ఫ్లక్స్ వల్ల కరెంట్‌కు వచ్చే అడ్డు). 100 కేవీఏ, ఇంపెడెన్స్ 4.5 శాతం, రాగి నష్టం 1500 వాట్లు అనుకోండి. రెసిస్టెన్స్ 1.5 శాతం, రియాక్టెన్స్ 4.24 శాతం. 60 హెర్ట్జ్ మీద రియాక్టెన్స్ 5.09 శాతం, మొత్తం ఇంపెడెన్స్ 5.3 శాతం అవుతుంది. 0.8 లాగింగ్ పవర్ ఫ్యాక్టర్ దగ్గర రెగ్యులేషన్ 3.75 నుంచి 4.25 శాతానికి పోతుంది, అంటే ఫుల్‌లోడ్‌లో అదనంగా 2 వోల్టుల డ్రాప్. ఎల్‌టీ షార్ట్‌సర్క్యూట్ కరెంట్ 2960 ఆంపియర్ల నుంచి 2510కి తగ్గుతుంది, అది మంచిదే. అయితే అక్కడ అదే కేవీఏ, 4.5 శాతం ఇంపెడెన్స్ ఉన్న 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పారలల్ చేస్తే లోడు సమంగా పంచుకోదు. మొత్తం 200 కేవీఏలో మీది 92, రెండోది 108 మోస్తుంది. రెండోదే ముందుగా ఓవర్‌లోడ్ అవుతుంది.

ప్రశ్న: అమెరికా నుంచి తెచ్చుకున్న ఆంప్లిఫయర్‌కు 230/110 స్టెప్‌డౌన్ పెట్టాను. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ బాగా వేడెక్కి గుంయిమంటోంది. వోల్టేజి 110 కన్నా ఎక్కువ లేదు.
(పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీది తలకిందుల కేసు, ఫ్రీక్వెన్సీ రేటెడ్ కన్నా తక్కువ, ఇదే ప్రమాదకరం. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అంటే నిష్పత్తి 2. 110 వోల్టులు, 50 హెర్ట్జ్ అంటే 2.2, అంటే 10 శాతం ఓవర్‌ఫ్లక్స్. రాత్రిపూట లైను 245 అయితే ఇంకా ఎక్కువ. చవక ట్రాన్స్‌ఫార్మర్లను సాచురేషన్ అంచు మీదే డిజైన్ చేస్తారు కాబట్టి ఆ 10 శాతమే చాలు. 230/100 స్టెప్‌డౌన్ వాడండి. లోపలి డీసీ వోల్టేజి 17 శాతం తగ్గుతుంది, గరిష్ఠ ధ్వని పవర్ దాదాపు 30 శాతం తగ్గుతుంది, కానీ ట్రాన్స్‌ఫార్మర్ బతుకుతుంది. వెనకాల ‘50/60 హెర్ట్జ్’ అని ఉంటే ఈ బెడద లేదు. జపాన్ సామాను చాలావరకు ఆ రకమే, ఎందుకంటే ఆ దేశంలో తూర్పు సగం 50, పడమటి సగం 60 హెర్ట్జ్. ‘100–240’ అని ఉన్న ఎస్ఎంపీఎస్ అడాప్టర్లకు ఫ్రీక్వెన్సీ పట్టింపే లేదు.

ప్రశ్న: విమాన పరికరాల ప్రాక్టీస్ బెంచి కోసం 115 వోల్టులు, 400 హెర్ట్జ్ కన్వర్టర్ ఉంది. సింక్రోలకు (కోణాన్ని దూరానికి చేరవేసి చూపే పరికరాలకు) 26 వోల్టులు కావాలి. 115/26 వోల్టుల 100 వీఏ 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాం. ఖాళీగా 26 వస్తోంది, లోడు పెడితే 22 చిల్లరకు పడిపోతోంది. కోరు మాత్రం చల్లగా ఉంది.
(ల్యాబ్ ఇన్‌చార్జ్, హైదరాబాద్)

జవాబు: కోరు చల్లగా ఉండటం సహజం. ఫ్రీక్వెన్సీ 8 రెట్లు, కాబట్టి 1.4 టెస్లా ఉండాల్సిన ఫ్లక్స్ 0.175 టెస్లాకు పడిపోయింది. 0.5 మిల్లీమీటర్ల స్టాంపింగులు 1.5 టెస్లా, 50 హెర్ట్జ్ దగ్గర కిలోకు 5 వాట్లు నష్టపోతాయనుకుంటే, మీ బెంచి మీద 2 వాట్ల పైచిలుకే. అదే కోరుకు వోల్టేజి కూడా 8 రెట్లు ఇచ్చి 1.5 టెస్లా నిలిపితే కిలోకు 120 వాట్లు దాటుతుంది. ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు వోల్టేజి పెంచి పవర్ లాగుదామనే ఆలోచన ఇక్కడే దెబ్బతింటుంది.

వోల్టేజి డ్రాప్‌కు కారణం లీకేజ్ రియాక్టెన్స్, అదీ 8 రెట్లయింది. 100 వీఏ సైజులో రెసిస్టెన్స్ 6 శాతం, రియాక్టెన్స్ 2 శాతం ఉంటే 50 హెర్ట్జ్ మీద, 0.8 పవర్ ఫ్యాక్టర్ దగ్గర డ్రాప్ 6 శాతం. 400 హెర్ట్జ్ మీద రియాక్టెన్స్ 16 శాతం, డ్రాప్ 14.4 శాతం. 26లో అది తీసేస్తే 22.3 వోల్టులు, మీ మీటరు చూపించినదే. ఖాళీ వోల్టేజిని పెంచి సర్దుబాటు చేయకండి. సింక్రోలు తగిలించినప్పుడల్లా, తీసినప్పుడల్లా వోల్టేజి ఊగుతుంది.

మళ్లీ చుట్టించండి, రెండు మార్పులతో. ప్రైమరీని రెండు సగాలు చేసి మధ్యలో సెకండరీ పెట్టండి. సగం ప్రైమరీ, మొత్తం సెకండరీ, మిగతా సగం ప్రైమరీ. దీనితోనే లీకేజ్ నాలుగో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. రెండోది, చుట్లను రెండు వైపులా మూడింట రెండు వంతులకు తగ్గించి, అదే కిటికీ నిండేలా లావు తీగ వాడండి. ఫ్లక్స్ 0.26 టెస్లాకు పెరుగుతుంది, కోరు నష్టం 50 హెర్ట్జ్ మీద ఎంతుంటుందో దాదాపు అంతే. రెసిస్టెన్స్, రియాక్టెన్స్ రెండూ చుట్ల వర్గంతో పాటు 44 శాతానికి దిగుతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి లాభం పొందే సరైన దారి ఇదే. వోల్టేజి పెంచడం కాదు, చుట్లు తగ్గించి తీగ లావు చేయడం.

ఇంకా చుట్లు తగ్గించాలంటే 0.5 మిల్లీమీటర్ల స్టాంపింగులు ఒప్పుకోవు. ఎడ్డీ నష్టం రేకు మందం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 400 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్లకు 0.1 మిల్లీమీటర్ల రేకు వాడతారు, అప్పుడు అది 25వ వంతు. మందపాటి రేకులో ఇంకో ఇబ్బంది, ఫ్లక్స్ నడిమికి చేరదు. సిలికాన్ స్టీలులో స్కిన్ డెప్త్ 50 హెర్ట్జ్ మీద 0.7 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే 400 మీద 0.25కు తగ్గుతుంది. రాగిలో 400 హెర్ట్జ్ స్కిన్ డెప్త్ 3.3 మిల్లీమీటర్లు, మీ తీగకు అది సమస్యే కాదు.

ప్రశ్న: జనరేటర్ మీద ఉన్నప్పుడు మా సీవీటీ (వోల్టేజిని స్థిరంగా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్) అవుట్‌పుట్ 244 వోల్టులు చూపిస్తోంది. జనరేటర్ వోల్టేజి సరిగ్గా 230. సీవీటీ పాడైందా?
(డయాగ్నస్టిక్ సెంటర్, ఖమ్మం)

జవాబు: పాడవలేదు. జనరేటర్ ఫ్రీక్వెన్సీ చూడండి. 4 శాతం డ్రూప్ ఉన్న (లోడు పెరిగే కొద్దీ వేగం అంతమేర తగ్గే) గవర్నర్ లోడు లేనప్పుడు 52 హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కు అది మేలే. సీవీటీ మాత్రం వేరే జాతి. దాని కోరు కావాలనే సాచురేషన్‌లో ఉండి, కెపాసిటర్‌తో 50 హెర్ట్జ్‌కు ట్యూన్ అయి పని చేస్తుంది. సాచురేట్ అయిన కోరులో ఫ్లక్స్ కదలదు కాబట్టి ఫ్రీక్వెన్సీ పెరిగితే పెరగాల్సింది వోల్టేజే. ఫ్రీక్వెన్సీ 1 శాతం మారితే అవుట్‌పుట్ దాదాపు ఒకటిన్నర శాతం మారుతుంది. 4 శాతానికి 6 శాతం, అంటే 230 నుంచి 244. జనరేటర్‌ను మీ మామూలు లోడు మీద 50 హెర్ట్జ్‌కు సెట్ చేయించండి, లేదా ఎలక్ట్రానిక్ గవర్నర్ పెట్టించండి. ఈ సీవీటీని 60 హెర్ట్జ్ సరఫరా మీద ఎప్పుడూ వాడకూడదు.

ప్రశ్న: సబ్‌స్టేషన్‌లో అప్పుడప్పుడు 50.1 చూపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్లకు ఇబ్బందా?
(ఆపరేటర్, నల్గొండ జిల్లా)

జవాబు: కాదు, 0.2 శాతం తేడాకు ఏమీ కాదు. గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90 నుంచి 50.05 దాకా ఉండాలన్న కట్టుబాటు గ్రిడ్ భద్రత కోసం. 2003 జనవరిలో దక్షిణాదిన ఏబీటీ (ఫ్రీక్వెన్సీని బట్టి ఛార్జీలు మారే అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) రాకముందు ఫ్రీక్వెన్సీ 48.5కు దిగిన రోజులు మామూలే, అప్పుడు ఓవర్‌ఫ్లక్స్ నిజమైన బెంగ. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక ఆ ఊగిసలాట పోయింది. మీ దగ్గర ఓవర్‌ఫ్లక్సింగ్ రిలే పికప్ అయితే ఫ్రీక్వెన్సీని కాదు, రాత్రి తక్కువ లోడులో పెరిగిన వోల్టేజిని, ట్యాపు పొజిషన్‌ను అనుమానించండి.

ప్రశ్న: యూరప్ లోకోమోటివ్‌లు 15 కేవీ 16.7 హెర్ట్జ్ మీదా, 25 కేవీ 50 హెర్ట్జ్ మీదా ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌తో ఎలా నడుస్తాయి?
(ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: కోరును తక్కువ ఫ్రీక్వెన్సీకి డిజైన్ చేస్తారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్వీడన్, నార్వేల్లోని 16.7 హెర్ట్జ్‌కు సరిపోయిన కోరు 50 మీద ఖాళీగా ఉంటుంది. చుట్లు మార్చకపోతే ఫ్లక్స్ 56 శాతం. సెకండరీ వోల్టేజి మారకుండా ప్రైమరీ ట్యాపు మారిస్తే చుట్టుకు వోల్టులు ఒకటే కాబట్టి ఫ్లక్స్ మూడో వంతు. ఆ కోరు బరువును లోకో ఎక్కడికెళ్లినా మోయక తప్పదు. 25 కేవీ 50 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన మన రైల్వే ట్రాన్స్‌ఫార్మర్‌ను 16.7 మీద పూర్తి వోల్టేజితో నడపడం కుదరదు.

ప్రశ్న: సీఎన్‌సీ రౌటర్ స్పిండిల్ 220 వోల్టులు, 200 హెర్ట్జ్. మా వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్) 415 వోల్టులది. మధ్యలో 415/220 మామూలు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తుందా?
(ఫర్నిచర్ వర్క్‌షాప్, రాజమండ్రి)

జవాబు: కోరు పరంగా నడుస్తుంది, ఒక షరతు మీద. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీని (పూర్తి వోల్టేజి వచ్చే ఫ్రీక్వెన్సీని) 200 హెర్ట్జ్‌కు మార్చాలి. అప్పుడు 200 దగ్గర 415, 50 దగ్గర 104 వోల్టులు ఇస్తుంది. మొదటి నుంచి చివరిదాకా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఫ్లక్స్ నాలుగో వంతే. ఫ్యాక్టరీ సెట్టింగ్ 50 అలాగే వదిలేస్తే 50 హెర్ట్జ్ దగ్గరే స్పిండిల్‌కు 220 పూర్తిగా చేరి, అది నాలుగింతలు ఓవర్‌ఫ్లక్స్ అయి కాలిపోతుంది. టార్క్ బూస్ట్, డీసీ బ్రేకింగ్ ఆపేయండి. ఆ రెండూ ట్రాన్స్‌ఫార్మర్‌ను సాచురేట్ చేస్తాయి.

కానీ ఇంకా రెండు చిక్కులున్నాయి. 4 శాతం రియాక్టెన్స్ 200 దగ్గర 16 శాతమై, కట్టర్ చెక్కలో దిగగానే వోల్టేజి పడి స్పిండిల్ ఆగిపోతుంది. తప్పించుకోవాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను అవసరానికి రెండింతల కేవీఏది కొనాలి. పైగా వీఎఫ్‌డీ నుంచి వచ్చేది సైన్ వేవ్ కాదు, కిలోహెర్ట్జ్‌ల్లో కొట్టుకునే పల్సులు. వాటి నిటారు అంచులు మొదటి కొన్ని చుట్ల ఇన్సులేషన్‌ను తింటాయి, కాబట్టి మధ్యలో సైన్ ఫిల్టర్ కావాలి. చాలా సైన్ ఫిల్టర్లు 200 హెర్ట్జ్ అవుట్‌పుట్‌కు పనికిరావు, డేటాషీట్‌లో గరిష్ఠ అవుట్‌పుట్ ఫ్రీక్వెన్సీ, కనీస స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీ రెండూ చూసి కొనాలి. ఇంత ఖర్చు పెట్టే బదులు 220 వోల్టుల తరగతి వీఎఫ్‌డీ తీసుకోండి. 2.2 కిలోవాట్ల దాకా సింగిల్ ఫేజ్ 230 ఇన్‌పుట్‌తోనే దొరుకుతుంది. స్పిండిల్‌ను నేరుగా దానికి కలిపి, బేస్ ఫ్రీక్వెన్సీ 200, వోల్టేజి 220 అని సెట్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్, ఫిల్టర్ రెండింటి ఖర్చూ మిగులుతుంది.